కాపలా కాసినందుకు ఒక శాతం

కాలిఫోర్నియాలో చార్టర్ బడులపై (పిల్లల సంఖ్యను బట్టి వచ్చే ప్రభుత్వ డబ్బుతో, విడి యాజమాన్యం కింద నడిచే బడులు) తనిఖీ పెంచే ఎస్‌బీ 414 బిల్లును 2025 అక్టోబరులో గవర్నర్ గావిన్ న్యూసమ్ వీటో చేయడంతో వాటిని ఎవరు కనిపెట్టుకోవాలన్న పాత గొడవ మళ్లీ రాజుకుంది. ఇప్పటి తగువంతా 2019 మేలో శాండియాగోలో బయటపడ్డ, ఏ3 అనే ఆన్‌లైన్ చార్టర్ సంస్థ కేసులో ఉంది.

ఏ3 వాళ్లు నడిపిన 19 ఆన్‌లైన్ బడులకు రాష్ట్రం ఇచ్చింది దాదాపు 40 కోట్ల డాలర్లు. వేసవిలో ఆటలకు వచ్చే పిల్లల పేర్లు స్పోర్ట్స్ క్లబ్బుల దగ్గర తీసుకుని రిజిస్టర్‌లో ఎక్కించారు. క్లబ్బులకు తలకింత ముట్టింది. పాఠాల మాట దేవుడెరుగు, తాము ఆ బడిలో చేరామన్న సంగతే చాలామంది పిల్లలకు తెలియదు. 11 మందిపై అభియోగాలు మోపారు. 2021లో ప్రధాన నిందితులిద్దరూ నేరం ఒప్పుకున్నారు.

మరి కనిపెట్టుకుని ఉండాల్సింది ఎవరు? ఆ బడుల్లో కొన్నింటికి అనుమతిచ్చింది దెహేసా అనే బుల్లి స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే స్థానిక ప్రభుత్వ బడులను నడిపే సంస్థ. దాని సొంత పిల్లలు 200 మంది కూడా లేరు. అనుమతిచ్చిన డిస్ట్రిక్ట్‌కు చార్టర్ బడి రాబడిలో సాధారణంగా 1 శాతం పర్యవేక్షణ ఫీజు వస్తుంది. రిజిస్టర్‌లో పేర్లు పెరిగితే ఫీజూ పెరుగుతుంది. గట్టిగా తనిఖీ చేసి బడి మూయిస్తే పోయేది తన ఆదాయమే. దెహేసా సూపరింటెండెంట్ పేరు కూడా నిందితుల్లో ఉంది.

2019లోనే ఏబీ 1505 అనే చట్టం వచ్చింది. తరగతి గది లేని కొత్త చార్టర్లను ఆపారు, ఆ గడువును రెండుసార్లు పొడిగించారు. ఉన్నవాటిని చూసే పద్ధతి పెద్దగా మారలేదు. 2025 జూన్‌లో స్టేట్ ఆడిటర్ మరో బాంబు పేల్చారు: శాక్రమెంటోలో పెద్దలకు చదువు చెప్పే హైలాండ్స్ చార్టర్‌కు అర్హత లేకుండా 18 కోట్ల డాలర్లకు పైగా అందాయి. దానికి అనుమతిచ్చిన ట్విన్ రివర్స్ చిన్న డిస్ట్రిక్టేమీ కాదు.

కొందరు దొంగతనం చేస్తే అందరినీ శిక్షిస్తారా, ఇంటి దగ్గర చదువుకునే పిల్లల గతేమిటని చార్టర్ సంఘాలు అడుగుతున్నాయి. బిల్లులో కొన్ని భాగాలు అమలుకు పనికిరావని, కోర్టు చిక్కులు తెస్తాయని న్యూసమ్ దాన్ని తిప్పిపంపారు. ఆడిట్ నిబంధనలు మాత్రం అర్థవంతమైనవేనని అదే లేఖలో ఒప్పుకున్నారు.