పాత గాజు గ్లాసులు: అపోహలు - వాస్తవాలు

మొన్న ఆదోని వైపు నుంచి ఒక అక్క వచ్చింది. కొంగులో చుట్టి తెచ్చిన గాజు గ్లాసు బల్ల మీద పెట్టి, "ఇది ఎంతొస్తాదన్నా?" అంది. అంచుకు బంగారు గీత, చుట్టూ నాలుగు గులాబీలు. భూతద్దం పెట్టి చూస్తే నాలుగూ అచ్చుగుద్దినట్టు ఒకటే. ఒకచోట ఆకు కొస మడతపడి అతుక్కుంది. చేత్తో గీసింది కాదు, అంటించిన బొమ్మ. మహా అయితే యాభై ఏళ్ల సరుకు, రెండు వందలు చేస్తుంది. నేను నోరు తెరిచేలోపే ఆమె చెప్పింది: ఫోన్లో ఎవరో పన్నెండు లక్షలిస్తామన్నారట, 'రిజిస్ట్రేషన్' కోసం ఇప్పటికే పద్దెనిమిది వేలు పంపిందట.

కర్నూలు వన్‌టౌన్‌లో పాత సామాన్ల కొట్టు పెట్టినప్పటి నుంచి ఇదే గోల. నిన్నటిదాకా బియ్యం గింజల్ని తనవైపు లాక్కుంటుందని నమ్మించే 'రైస్ పుల్లర్' చెంబు, ఇప్పుడు గ్లాసు. ఒక్క మాట గట్టిగా చెప్తున్నా: కొనేవాడు డబ్బులిస్తాడు, అడగడు. ఫీజు, టెస్టింగ్, జీఎస్టీ, పేరేదైనా సరే, ముందు మీ దగ్గర డబ్బు అడిగినవాడు దొంగే. 'దుబాయ్ పార్టీ' అన్నాడంటే పట్టుకోవడం ఇంకా సులువు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళాత్మక వస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. గ్లాసు నిజంగా అంత పాతదైతే ఆ బేరమే నేరం, కాకపోతే లక్షల మాటే అబద్ధం. మోసపోయినవాళ్లు సిగ్గుపడి ఇంట్లో కూర్చోవద్దు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆ అక్కతో అక్కడే చేయించా. చేతులు వణుకుతుంటే నంబరు నేనే నొక్కాను.

బొమ్మలున్న గ్లాసు అందం కోసమే అనుకోవడం ఇంకో పొరపాటు. బ్రిటన్‌లో 1745లో గాజు ముడిసరుకు బరువు మీద పన్ను వేశారు. ఆ తర్వాత గ్లాసులు తేలికయ్యాయి, నగిషీ పెరిగింది. సింహాసనం పోయిన స్టూవర్ట్ రాజవంశాన్ని అభిమానించేవాళ్లు గులాబీ చెక్కిన గ్లాసుల్లో గుట్టుగా వాళ్ల పేరు తలచుకుని తాగేవారు. 1763లో ఇంగ్లండ్‌లో గాజు మీద బొమ్మలు వేసే బీల్బీ కుటుంబం ఎనామెల్ రంగులు వేసిన పెద్ద గ్లాసు మీద 'వైట్‌హేవెన్ (ఇంగ్లండ్ రేవు పట్టణం) ఆఫ్రికా వ్యాపారం జయప్రదం కావాలి' అన్న అర్థంలో రాసి ఉంది. ఆఫ్రికా వ్యాపారమంటే మనుషులను అమ్మడం. ఎంత ముచ్చటైన పనితనమో, అంత గుండె మండుతుంది.

మనమేం తక్కువ తినలేదు. మా ఊళ్లో టీ కొట్టు చూరులో రెండు గాజు గ్లాసులు దోపి ఉండేవి. దళితులు వాటిని తామే తీసుకుని టీ పోయించుకోవాలి, తామే కడిగి మళ్లీ అక్కడే పెట్టాలి. మిగతావాళ్లకు స్టీలు గ్లాసులు. చిన్నప్పుడు నేను చూరులోది అందుకోబోతే మా నాయన చెయ్యి లాగేశాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు. ఆ గ్లాసుల మీద ఏ బొమ్మా లేదు, అయినా అవి చెప్పినంత ఊరి సంగతి ఇంకేదీ చెప్పదు. స్టీలు గ్లాసుల మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేర్లు, పెళ్లి తేదీలు కూడా చదవదగ్గవే. పుట్టింటోళ్లు ఎవరో, ఎంత పెట్టారో తెలిసిపోతుంది.

మిగతావి గబగబా చెప్పేస్తా. గాజులో బుడగలుంటే పాతది అనుకోవద్దు, నిన్న చేసిన చవక గ్లాసులోనూ ఉంటాయి. యూవీ లైటు కింద ఆకుపచ్చగా మెరిస్తే యురేనియం కలిసిందని అర్థం కావచ్చు, కానీ అది వయసు లెక్క కాదు. సీసం కలిసిన క్రిస్టల్లో పులుపు, మద్యం రోజుల తరబడి నిల్వ పెట్టొద్దు.

ఇక బంగారు గీతను చింతపండుతోనో పీచుతోనో తోమొద్దు. 2009 వరదలో బురద పట్టిన గ్లాసును ఒకాయన పీచుతో తళతళలాడేట్టు రుద్ది తెచ్చాడు. బురదతోపాటు గీత, తీగలు, అన్నీ పోయాయి. నాకు చూపించాలనుకుంటే కడగొద్దు, మట్టి ఉంటే మట్టితోనే తెండి.