ఆర్టీఏ ఆఫీసుకు వెళ్ళబోయే పిల్లలకు

హనుమకొండ,
18 అక్టోబరు 2020.

చిరంజీవులైన పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు. ఉభయ కుశలోపరి.

ఈ ఏడు పద్దెనిమిది నిండిన మీరంతా ఒకరి తరువాత ఒకరు ఫోను చేసి ఒకే సంగతి అడుగుతున్నారు: డ్రైవింగు లైసెన్సు కోసం ఆర్టీఏ ఆఫీసుకు ఇప్పుడు వెళ్ళవచ్చా, వెళితే ఎంతసేపు పడుతుంది, ఏమేం పట్టుకెళ్ళాలి అని. ఒక్కొక్కరికీ చెప్పడంలో ప్రతిసారీ ఏదో ఒకటి మరచిపోతున్నాను కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను. పోయిన నెలలో నా లైసెన్సు రెన్యువల్ కోసం నేనే స్వయంగా వెళ్ళి వచ్చాను కాబట్టి, ఆఫీసు సంగతులు విన్నవి కావు, చూసినవే.

మొదట గడువుల విషయం, ఎందుకంటే ఎక్కువమంది తికమకపడుతున్నది అక్కడే. మార్చిలో కరోనా లాక్‌డౌన్‌తో మూతపడిన ఆర్టీఏ ఆఫీసులు మన రాష్ట్రంలో మే నెలలో తిరిగి తెరుచుకున్నాయి. ఆ మధ్యకాలంలో గడువు తీరిపోయిన కాగితాలను ఏం చేయాలన్న ప్రశ్నకు కేంద్ర రవాణా శాఖ మార్చి 30న ఒక జవాబు చెప్పింది: ఫిబ్రవరి 1 తరువాత గడువు ముగిసి, లాక్‌డౌన్ వల్ల రెన్యువల్ చేయించుకోలేకపోయిన లైసెన్సు, రిజిస్ట్రేషన్, ఫిట్‌నెస్, పర్మిట్ వంటివన్నీ జూన్ 30 దాకా చెల్లుతాయని. తరువాత ఆ తేదీని సెప్టెంబరు 30కి, ఆగస్టు 24న మరోసారి డిసెంబరు 31కి జరిపారు. కాబట్టి మీలో ఎవరైనా జనవరిలో ఎల్ఎల్ఆర్, అంటే బండి నేర్చుకోవడానికి ఇచ్చే లెర్నర్ లైసెన్సు, తీసుకుని, దాని ఆరు నెలల గడువు జూలైలో తీరిపోయిందని దిగులుపడుతుంటే, ఆ దిగులు అక్కరలేదు. అయితే అసలు లైసెన్సే తీసుకోనివారికి ఈ ఉత్తర్వుతో ఏ సంబంధమూ లేదు. బండి బీమాకూ ఇది వర్తించదు. బీమాకు ఇచ్చిన వెసులుబాటు వేరు, అది మే 15తోనే అయిపోయింది. ‘అన్నీ డిసెంబరు దాకా చెల్లుతాయట’ అని వాట్సాప్‌లో తిరుగుతున్న మాటను నమ్మి మన వీధిలోనే ఒకాయన బీమా కట్టకుండా నాలుగు నెలలుగా స్కూటరు నడుపుతున్నాడు. చెప్పి చూశాను, వినలేదు.

ఇక ఆఫీసుకు వెళ్ళే ముందు మీరు వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది. ఈ పనికి నా కాగితాలు చాలునా, నేనే కావాలా? మా కాలంలో ఈ ప్రశ్నే లేదు. ప్రతి పనికీ మనిషి వెళ్ళి కిటికీ ముందు నిలబడవలసిందే. ఇప్పుడు దరఖాస్తు, ఫీజు, స్లాటు (ఆఫీసుకు వెళ్ళవలసిన తేదీ, సమయం ఖాయం చేసుకోవడం) అన్నీ ఇంట్లోనే అవుతాయి. పోయిన జూలై నుంచి మన రాష్ట్రంలో డూప్లికేట్ లైసెన్సు వంటి కొన్ని పనులకు ప్రభుత్వ మొబైల్ యాప్ అయిన టీ యాప్ ఫోలియోలో సెల్ఫీ దిగి పంపితే చాలు, ఆఫీసు గడప తొక్కనక్కరలేదు. కొత్తవారికి మనిషే కావలసిన పనులు ప్రధానంగా మూడు: ఎల్ఎల్ఆర్ పరీక్ష, ఫొటో సంతకాలు, బండి నడిపి చూపించడం. ఈ మూడింటికి తప్ప వెళ్ళకండి. ‘ఒకసారి వెళ్ళి కనుక్కుని వస్తాను’ అని వెళ్ళడం మామూలు రోజుల్లో బాగానే ఉండేది గాని, ఇప్పుడు అలా వచ్చినవారే వరుసను పెంచుతున్నారు.

నేను వెళ్ళిన చోట గేటు దగ్గరే జ్వరం చూసి, స్లాటు కాగితం చూసి, ఆ సమయానికి రావలసినవారినే లోపలికి పంపారు. నా స్లాటు పదకొండింటికి. పదింటికే వెళ్ళిన నన్ను వేపచెట్టు కింద నిలబెట్టారు. నాకు కోపం వచ్చిన మాట నిజమే, కాని లోపల ఎడం పాటించడానికి సగం కుర్చీలకు తాళ్ళు కట్టి ఉండడం చూశాక ఆ కోపం చల్లారింది. వెంట తల్లిదండ్రులను, స్నేహితులను తీసుకువెళ్ళకండి, వారు ఎండలో నిలబడవలసి వస్తుంది.

ఫొటో గదిలో ఒక చిత్రమైన సంగతి. గేటు దగ్గర నుంచి మాస్కు ముక్కు కిందికి జారితేనే కసురుకున్నవారు అక్కడ దాన్ని తీయమంటారు మరి, ముఖం లేనిదే లైసెన్సు లేదు కదా. కెమెరా ముందు కూర్చున్న అబ్బాయికీ మనకూ మధ్య పారదర్శకమైన ప్లాస్టిక్ తెర వేలాడుతూ ఉంటుంది. మాస్కు తీసిన నాలుగైదు క్షణాలలో ఫొటో అయిపోతుంది కనుక, జుట్టు సర్దుకోవడం వంటివి బయటే ముగించుకోండి. సంతకం దగ్గర నాకు తిప్పలు వచ్చాయి. గుమ్మం దగ్గర పోసిన శానిటైజరు ఆరకముందే పెన్ను పట్టుకుంటే, ఆ చిన్న పలక మీద నా సంతకం రెండుసార్లు వానపాములా సాగిపోయింది. మూడోసారి పంచె అంచుకు చేయి తుడుచుకుని పెట్టాను. మీకు పంచెలు ఉండవు గనుక పొడి చేతిరుమాలు ఒకటి జేబులో ఉంచుకోండి.

ఎల్ఎల్ఆర్ పరీక్ష గురించి పెద్దగా చెప్పనక్కరలేదు. గుర్తులు, నియమాలు ఒక వారం చదివితే నూటికి అరవై రావడం మీ చదువులకు ఒక లెక్క కాదు. పాసైతే ఆరు నెలలు చెల్లే ఎల్ఎల్ఆర్ వస్తుంది. అది చేతికి వచ్చాక కనీసం ముప్పై రోజులు గడిస్తేనే అసలు పరీక్షకు అర్హులవుతారు. ఆ ముప్పై రోజులు చట్టం పెట్టింది నేర్చుకోవడానికి. కాని చాలామంది పిల్లలు ఇరవై తొమ్మిది రోజులు ఊరుకుని ముప్పయ్యో రోజున మైదానానికి వెళతారు. నేర్చుకునేటప్పుడు బండికి ముందూ వెనకా తెల్లని పలక మీద ఎర్రని ‘ఎల్’ ఉండాలి, కారైతే పక్కన లైసెన్సు ఉన్న పెద్దవారు ఉండాలి.

ట్రాక్ మీద పరీక్ష కొంచెం కఠినంగానే ఉంటుంది. హైదరాబాదు పిల్లలు నాగోలు ట్రాక్ పేరు చెప్పుకుని భయపడుతుంటారు. ద్విచక్ర వాహనానికి ఎనిమిది అంకె ఆకారంలో ఉన్న దారిలో కాలు నేల మీద పెట్టకుండా తిరిగి రావాలి. కారుకు ‘హెచ్’ ఆకారంలో ముందుకు పోయి, రివర్సులో అదే దారిన వెనక్కి రావాలి, ఎత్తు మీద బండి ఆపి వెనక్కి జారకుండా కదిలించాలి. కళ్ళజోడు ఉన్నవారికి ఇప్పుడు అదనపు చిక్కు ఒకటి వచ్చింది: మాస్కు పైనుంచి వచ్చే ఊపిరికి అద్దాలు మసకబారుతాయి. దరఖాస్తుతో ఇచ్చే ఫారం 1లో, మంచి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు పలక చదవగలనని మీరే రాసి సంతకం పెడతారు. తీరా రివర్సు చేసేటప్పుడు అద్దంలో పొగమంచు తప్ప ఏమీ కనిపించకపోతే ఏం లాభం? మాస్కు పై అంచును ముక్కు మీద గట్టిగా నొక్కి, జోడును దాని మీద కూర్చోబెట్టుకుని వారం రోజులు అలాగే నడిపి అలవాటు చేసుకోండి.

వేపచెట్టు కింద నిలబడ్డప్పుడు ఒక బ్రోకరు నా దగ్గరికి వచ్చి, స్లాట్లు నెల దాకా లేవని, తనకు రెండువేలిస్తే రేపే ఇప్పిస్తానని చెప్పాడు. నా చేతిలో అప్పటికే ఆనాటి స్లాటు కాగితం ఉంది. దాన్ని చూపిస్తే నవ్వుకుంటూ ఇంకొకరి దగ్గరికి వెళ్ళాడు. స్లాట్లు తగ్గిన మాట నిజమే. అయినా పది రోజులు ఓపిక పట్టి రోజూ పొద్దున్నే చూస్తే దొరుకుతుంది, నాకు అలాగే దొరికింది. డిసెంబరు 31 దాకా గడువు ఉంది గదా అని అప్పటిదాకా ఆగకండి. ఆ నెలలో ఊరంతా అక్కడే ఉంటుంది. దసరాకు కొత్త బండ్లు కొనేవారి రద్దీ తగ్గగానే, వచ్చే నెల మొదటి వారాలలో స్లాటు చూసుకోండి. ఆంధ్రలో చదువుతున్న మన పిల్లలకు వెబ్‌సైటు వేరైనా చట్టం ఇదే.

నా కార్డు మొన్న స్పీడ్ పోస్టులో వచ్చింది. ఐదేళ్ళు చెల్లుతుంది. ఫొటోలో నా రెండు బుగ్గల మీదా మాస్కు తాళ్ళ గీతలు చక్కగా పడ్డాయి. నాయనమ్మ చూసి ఎవరో చెంపదెబ్బలు కొట్టినట్టుందని అంటున్నది. స్లాటు దొరికినవారు ఆ తేదీ నాకు తెలియజేయండి.

ఇట్లు,
మీ తాతయ్య