ప్యాసేజ్‌లో అసలు పాయింట్ ఎక్కడుంటుంది? క్లాసుల్లో తిరిగే అపోహలు, వాస్తవాలు

విశాఖ ద్వారకానగర్‌లో బ్యాంకు పరీక్షలకీ, ఎంబీఏ ప్రవేశ పరీక్ష క్యాట్‌కీ ప్రిపేరయ్యేవాళ్లకి ఇంగ్లిష్ చెప్తుంటాను. ప్యాసేజ్ ఇచ్చి ప్రశ్నలడిగే రీడింగ్ కాంప్రహెన్షన్‌లో "ఈ ప్యాసేజ్ ప్రధానంగా ఏం చెబుతోంది?" అనే ప్రశ్న దగ్గర బాగా చదివే పిల్లలు కూడా మార్కులు వదిలేసుకుంటుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఎందుకంటే చాలాసార్లు వాళ్లకి ఇంగ్లిష్ రాక కాదు, సీనియర్లు చెప్పిన చిట్కాలని గుడ్డిగా పట్టుకోవడం వల్ల పోతున్నాయి.

ముందు ఈ చిన్న ప్యాసేజ్ చదవండి. క్లాసు కోసం నేనే రాసుకున్నది, కావాలనే తెలుగులో ఇస్తున్నాను.

"కుర్సురా జలాంతర్గామి 1969లో నౌకాదళంలో చేరింది. 31 ఏళ్లు పనిచేసి 2001లో విరమించింది. సేవ ముగిసిన నౌకలు చాలావరకు తుక్కు కింద పోతాయి. దీన్ని మాత్రం ఆర్కే బీచ్‌లో ఒడ్డుకి చేర్చి 2002లో మ్యూజియంగా తెరిచారు. ఇక దానికి ఢోకా లేదనుకుంటాం. కానీ నౌకని కాపాడే పని నిజానికి ఆ రోజే మొదలవుతుంది. ఉప్పుగాలి ఉక్కుని తినేస్తూనే ఉంటుంది. జనం తిరిగేకొద్దీ లోపలి భాగాలు అరుగుతాయి. తుప్పు గీకడం, రంగు వేయడం మళ్లీ మళ్లీ చేయాల్సిందే."

ఆప్షన్లు ఇవి. ఒకటి: 1969 నుంచి 2002 దాకా కుర్సురా ప్రయాణం. రెండు: విశాఖకి నౌకాదళం ఎంత ముఖ్యమో. మూడు: మ్యూజియం చేసినంత మాత్రాన నౌక భద్రమైపోదు, దాన్ని నిరంతరం కాపాడుకోవాలి. నాలుగు: విరమించిన జలాంతర్గాములన్నిటినీ మ్యూజియంలుగా మార్చాలి.

అపోహ: మెయిన్ పాయింట్ మొదటి వాక్యంలోనో చివరి వాక్యంలోనో ఉంటుంది, మధ్యలో చదవక్కర్లేదు.

వాస్తవం: పైదాంట్లో చూడండి, మొదట్లో తేదీలు, చివర్లో తుప్పూ రంగూ. పాయింట్ సరిగ్గా మధ్యలో, "కానీ" తర్వాత ఉంది. వ్యాసాలు రాసేవాళ్లు ముందు లోకం అనుకునేది చెప్పి, ఆ తర్వాత దాన్ని కాదనడం మామూలే. క్యాట్‌లో ఇలాంటివి బాగా తగులుతాయి, అక్కడ మొదటి వాక్యాన్ని నమ్ముకుంటే రచయిత ఖండించిన మాటనే ఆయన అభిప్రాయంగా టిక్ పెట్టేస్తాం. అలాగని ప్రతి "కానీ" దగ్గరా ఆగిపోకండి, కొన్ని "కానీ"లు చిన్న మినహాయింపు చెప్పి ఊరుకుంటాయి. ఆ వాక్యం తర్వాత వచ్చే మాటలన్నీ దాన్నే బలపరుస్తున్నాయా అని చూసుకోవాలి. ఇక్కడ ఉప్పుగాలి, జనం, తుప్పు, మూడూ దానికే సాక్ష్యం చెప్తున్నాయి కాబట్టి అనుమానం లేదు.

అపోహ: ఎక్కువసార్లు వచ్చిన మాటే మెయిన్ పాయింట్.

వాస్తవం: అది విషయం మాత్రమే. "నౌక" అన్నారనుకోండి, నౌక గురించి ఏమిటి? ఆ రెండో ప్రశ్నకి జవాబు వచ్చినప్పుడే పాయింట్ దొరికినట్టు. నేను క్లాసులో పట్టుబట్టేది ఈ ఒక్కదాని మీదే. ప్యాసేజ్ చదివాక ఆప్షన్ల మీద చెయ్యి పెట్టి మూసేసి, రచయిత ఏమంటున్నాడో ఒక పూర్తి వాక్యంలో చెప్పమంటాను. క్రియ లేకుండా "నౌక సంరక్షణ గురించండీ" అంటే ఒప్పుకోను. "మ్యూజియం పెట్టాకే అసలు పని మొదలవుతుంది అంటున్నారు" అని వచ్చేదాకా వదలను, అది వచ్చిందంటే ఆప్షన్లు చూడ్డానికి పెద్ద టైం పట్టదు.

అపోహ: ప్యాసేజ్‌లోని మాటలు యథాతథంగా ఉన్న ఆప్షన్ సేఫ్.

వాస్తవం: ఎక్కువమంది పడేది ఇక్కడే. మొదటి ఆప్షన్‌లో 1969, 2002 రెండూ ఉన్నాయి, కళ్లకి బాగా తెలిసినట్టు అనిపిస్తుంది, అయితే అది సగం ప్యాసేజ్‌కే సరిపోతుంది. సరైన మూడో ఆప్షన్‌లో "భద్రం", "నిరంతరం" అనే మాటలు ప్యాసేజ్‌లో అసలు లేవు, అర్థం మాత్రం అదే. నాలుగోదాంట్లో "అన్నిటినీ" చూశారా? రచయిత ఒక్క నౌక గురించి మాట్లాడితే ఆప్షన్ దేశంలోని అన్నిటికీ తీర్పు చెప్పేసింది. అన్నీ, ఎప్పుడూ, మాత్రమే, తప్పనిసరిగా లాంటి మాటలున్నంత మాత్రాన ఆప్షన్ తప్పని కాదు, ప్యాసేజ్ కూడా అంత గట్టిగా అందా అని ఒక్కసారి వెనక్కి చూడండి.

అపోహ: టాపిక్ మీద మనకి ముందే తెలిస్తే లాభం.

వాస్తవం: చదవడం తేలికవుతుంది, నిజమే. కానీ మన ఊరి పిల్లలే ఈ ప్యాసేజ్‌కి రెండో ఆప్షన్ పెడతారు. బీచ్ రోడ్డులో నేవీ డే విన్యాసాలు చూసి పెరిగినవాళ్లు కదా, నౌకాదళం అనగానే మనసు అటు లాగుతుంది. ఆ మాట నిజమే కావచ్చు, ఈ ప్యాసేజ్‌లో మాత్రం లేదు.

అపోహ: తెలుగు మీడియం వాళ్లకి ఇది రాదు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది. మీరు ఇంతసేపూ పైన చేసిందంతా తెలుగులోనే. ఇంగ్లిష్ ప్యాసేజ్ చదివి పాయింట్‌ని మనసులో తెలుగులో చెప్పుకోండి, ఎవరూ మార్కు తగ్గించరు. ప్రతి పదం తెలియకపోయినా పర్లేదు, రచయిత ఎటు మొగ్గుతున్నాడో తెలిస్తే చాలు.

ప్రశ్నలు ముందు చదవాలా వద్దా అని కూడా అడుగుతుంటారు. పేరో సంవత్సరమో అడిగే ప్రశ్నకి ఉపయోగం, మెయిన్ పాయింట్‌కి ఏమీ ఒరగదు. అలాగే, తేలకపోతే గుడ్డిగా ఏదో ఒకటి పెట్టేయకండి. క్యాట్‌లో నాలుగు ఆప్షన్ల ప్రశ్న సరిగ్గా చేస్తే 3 మార్కులు, తప్పితే 1 పోతుంది, బ్యాంకు ప్రిలిమ్స్‌లో తప్పుకి పావు మార్కు పోతుంది. రెండు ఆప్షన్లు తీసేయగలిగితే అప్పుడు రిస్క్ తీసుకోవచ్చు.

ప్రాక్టీసుకి పుస్తకాలు కొననక్కర్లేదు. ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో కూర్చుని ఏదో ఒక ఇంగ్లిష్ పేపరు ఎడిటోరియల్ తీసి, హెడ్డింగ్ మీద కాగితం పెట్టి చదవండి. చదివాక మీరే ఒక వాక్యం రాసి, కాగితం తీసి హెడ్డింగ్‌తో పోల్చండి. రెండూ కలవకపోతే మీరు ఏ పేరా దగ్గర దారి తప్పారో వెతకండి, ఆ పేరా మళ్లీ చదవండి.