విక్రమాదిత్యుడంటే ఏ విక్రమాదిత్యుడు?

అపోహ: విక్రమాదిత్యుడు ఒక్కడే. ఉజ్జయినిని ఏలాడు, విక్రమ శకం స్థాపించాడు.

వాస్తవం: క్రీ.పూ. 57 నుంచి లెక్కించే ఆ శకాన్ని తొలి శాసనాలు ‘కృత’ అన్నాయి, ఆ తర్వాత ‘మాళవ’ అన్నాయి. మందసోర్‌లో పట్టు నేతగాళ్ల శ్రేణి (వృత్తి సంఘం) వేయించిన శాసనంలో ఉన్నది మాళవ 493, అంటే క్రీ.శ. 436-37. ఆ శకానికి విక్రముడి పేరు కలిసింది తొమ్మిదో శతాబ్దంలో.

అపోహ: ఆ విక్రమాదిత్యుడు గుప్త వంశపు రెండో చంద్రగుప్తుడే.

వాస్తవం: బిరుదు మాత్రం ఆయనదే, అనుమానం లేదు. ఆయన విలుకాడిగా కనిపించే దీనారం (బంగారు నాణెం) చేతిలోకి తీసుకోండి, సుమారు 8 గ్రాములు. ముందువైపు గరుడధ్వజం, రాజు ఎడమ చేతి కింద నిలువుగా ‘చంద్ర’. తిప్పితే లక్ష్మి, పక్కన ‘శ్రీ విక్రమ’. సింహాన్ని వేటాడే నాణెం మీద ‘సింహవిక్రమ’. కానీ తన శాసనాలకు ఆయన వాడింది గుప్త శకం. మథుర స్తంభం మీద 61 అని ఉంది, క్రీ.శ. 380-81. విక్రమ శకం ఆయనదే అయితే సొంత శాసనాల్లో ఎందుకు వాడలేదు? ఆయన మనవడు స్కందగుప్తుడి వెండి నాణేల మీదా ఇదే బిరుదు కనిపిస్తుంది.

అపోహ: నవరత్నాలు ఆయన కొలువులోనివే.

వాస్తవం: ఆ తొమ్మిది మంది పండితుల్లో ఒకడని చెప్పే వరాహమిహిరుడు తన గణితానికి శక సంవత్సరం 427, అంటే క్రీ.శ. 505 తీసుకున్నాడు. చంద్రగుప్తుడు పోయి అప్పటికి దాదాపు తొంభై ఏళ్లు.

అపోహ: తెలంగాణ శాసనాల్లోని ‘విక్రమ’ కూడా అదే శకం.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. చాళుక్యుల్లో విక్రమాదిత్య అన్నది బిరుదు కాదు, రాజు పేరే. గద్వాల రాగి రేకులు ఇచ్చిన బాదామి మొదటి విక్రమాదిత్యుడు శక సంవత్సరమే వాడాడు (596, క్రీ.శ. 674). కళ్యాణి ఆరో విక్రమాదిత్యుడు, త్రిభువనమల్లుడు, 1076లో శక సంవత్సరాన్ని పక్కనపెట్టి తన పట్టాభిషేకం నుంచి కొత్త లెక్క మొదలుపెట్టాడు. కాకతీయ రెండో బేతరాజు, ప్రోలరాజు ఆయన సామంతులు కాబట్టి వాళ్ల శాసనాల్లోనూ అదే లెక్క.

హనుమకొండ పద్మాక్షి గుట్ట శాసనం చూడండి: చాళుక్య విక్రమ 42, హేమలంబి. 1076 మొదటి ఏడు కాబట్టి 42కి 1075 కలిపితే 1117. ఆ ఏడాది హేమలంబి అవునో కాదో సరిచూడాలి: 1957 హేమలంబి, అందులోంచి పద్నాలుగు అరవైలు, అంటే 840 తీస్తే 1117. సరిపోయింది. ‘చాళుక్య’ అన్న మాట చెరిగిపోయి ‘విక్రమ 42’ మాత్రమే మిగిలిందనుకోండి, దాన్ని క్రీ.పూ. 57 నుంచి లెక్కించేవాళ్లు క్రీ.పూ. 16కి వెళ్లిపోతారు. అలాంటప్పుడు లిపి చూడండి, రాజు బిరుదు చూడండి. సంవత్సరం పేరు ఉంటే దాన్ని వదలొద్దు. తిథి మాఘ, ఫాల్గుణాల్లో పడితే మాత్రం ఇంగ్లిష్ సంవత్సరం ఒకటి పెరుగుతుంది, అప్పుడు 1076 కలపాలి.