ఎడమకు గురిపెట్టిన కొద్దీ కుడికే పోయే బంతి

గోల్ఫ్ నేర్చుకుంటున్న కుడిచేతి వాటం ఆటగాళ్లను బాగా వేధించే లోపం స్లైస్. డ్రైవర్‌తో (దూరం కొట్టడానికి వాడే పొడవాటి క్లబ్, అంటే గోల్ఫ్ కర్రతో) కొట్టిన బంతి మొదట తిన్నగానో కాస్త ఎడమగానో బయలుదేరి, సగం దూరం పోయాక కుడికి ఒరిగి చెట్లలో పడుతుంది. దాంతో ఆటగాడు మరుసటిసారి ఇంకొంచెం ఎడమకు తిరిగి నిలబడతాడు. బంతి ఇంకా ఎక్కువగా కుడికి వంగుతుంది. ఇందులో బంతి మొండితనమేమీ లేదు, తప్పంతా దిద్దుబాటులోనే ఉంది.

బంతి గాలిలో వంగడానికి కారణం దాని భ్రమణం. ఎడింబరోకు చెందిన భౌతిక శాస్త్రవేత్త పీటర్ గత్రీ టెయిట్ 1890లలో దీన్ని ఖర్చులేని ఉపాయంతో చూపించాడు. మెలి లేని పొడవాటి టేపు ఒక కొసను బంతికి, రెండో కొసను నేలకు బిగించి, గజం రెండు గజాల దూరంలో నిలిపిన గట్టి బంకమట్టిలోకి ఆ బంతిని కొట్టించాడు. ప్రతిసారీ టేపు మెలికలు పడింది. బంతి వెనక్కి తిరుగుతూ పోతోందనడానికి ఆ మెలికలే సాక్ష్యం. (ఆయన కొడుకు ఫ్రెడ్డీ 1896లోనూ 1898లోనూ బ్రిటన్ అమెచ్యూర్ గోల్ఫ్ పోటీ విజేత కనుక, ఆ ఇంట్లో మంచి ఆటగాడికి కొరత లేదు.)

అలా తిరిగే బంతి తన వెనుక గాలిని కిందికి మళ్లిస్తుంది, అందుకు ప్రతిగా గాలి దాన్ని పైకి లేపుతుంది. ఇదే మాగ్నస్ ప్రభావం. భ్రమణాక్షం నేలకు సమాంతరంగా ఉన్నంతవరకు ఆ బలం పైకే పనిచేస్తుంది. అక్షం కుడికి వాలిందంటే బలమూ దానితోపాటే వాలి బంతిని పక్కకు లాగుతుంది.

అక్షం వాలేది క్లబ్ బంతిని తాకిన క్షణంలోనే, అది కూడా సుమారు సెకనులో రెండువేలవ వంతు కాలంలో. బంతి స్వింగ్ దారివెంట, అంటే క్లబ్ తల కదిలే దిశలో బయలుదేరి, ఆ తర్వాత క్లబ్ ముఖం (బంతిని తాకే పలక) చూసిన వైపుకు మళ్లుతుందని చాలాకాలం బోధించారు. రాడార్లతో కొలిచి చూస్తే సంగతి వేరుగా తేలింది. బయలుదేరే దిశను ప్రధానంగా ముఖమే నిర్ణయిస్తుంది. వంపును ముఖానికీ దారికీ ఉన్న తేడా నిర్ణయిస్తుంది. ఉదాహరణకు, లక్ష్యంతో పోలిస్తే దారి 6 డిగ్రీలు, ముఖం 1 డిగ్రీ ఎడమకు ఉన్నాయనుకుందాం. బంతి కొద్దిగా ఎడమగానే బయలుదేరుతుంది, కానీ దారితో పోల్చినప్పుడు ముఖం 5 డిగ్రీలు కుడికి తెరుచుకొని ఉంది కాబట్టి కుడికి వంగుతుంది. ఆటగాడు మరో 3 డిగ్రీలు ఎడమకు తిరిగి నిలబడి, అలవాటుకొద్దీ ముఖాన్ని మాత్రం మునుపటి దిశలోనే ఉంచితే, ఆ తేడా 8 డిగ్రీలకు పెరుగుతుంది. వెడ్జ్‌తో (బంతిని ఎత్తుగా లేపే పొట్టి క్లబ్‌తో) ఇదే స్వింగ్ చేసినా లోపం అంతగా బయటపడదు. దాని వెనక్కి తిరిగే స్పిన్ చాలా ఎక్కువ కనుక అక్షం తక్కువగా వాలుతుంది. డ్రైవర్ ఒక్కటే పగబట్టిందని చాలామంది అనుకోవడానికి కారణం ఇదే.

అందుచేత ముందు సరిచేయవలసింది ముఖాన్ని, అందుకోసం గ్రిప్‌ను, అంటే క్లబ్ పట్టుకునే తీరును. క్లబ్ పట్టుకుని తల వంచి చూసినప్పుడు ఎడమచేతి మెటికలు రెండో మూడో కనిపించేలా ఆ చేతిని కుడివైపుకు తిప్పి పట్టుకోవాలి. మొదట్లో బంతులు వంపు లేకుండా తిన్నగా ఎడమకు పోవచ్చు. చాలామంది ఇక్కడే బెదిరి పాత పట్టుకు తిరిగిపోతారు గానీ, నా దృష్టిలో అది శుభసూచన: ముఖం, దారి ఒకే వైపు చూస్తున్నాయన్నమాట. దారిని ఆ తర్వాత సరిచేయవచ్చు. బంతికి అవతలగా, కాస్త వెనుకగా క్లబ్ తొడుగు ఒకటి పెట్టి, దాన్ని తగలకుండా కొట్టడం సాధన చేస్తే, బయటినుంచి లోపలికి, అంటే ఎడమకు, కోసే స్వింగ్ క్రమంగా తగ్గుతుంది.

ఇవి రెండూ కుదిరినా బంతి కుడికే పోతుంటే డ్రైవర్ ముఖం మీద పలుచగా పౌడర్ చల్లి కొట్టి, బంతి ముద్ర ఎక్కడ పడిందో చూడాలి. ముద్ర నడిమధ్యన కాక కడ్డీ వైపు పడితే, దెబ్బకు క్లబ్ తల కొద్దిగా తిరిగి, పళ్లచక్రాల మాదిరిగా బంతికి ఎదురు భ్రమణం ఇస్తుంది, దానితో స్లైస్ వస్తుంది. అప్పుడు గ్రిప్ జోలికి వెళ్లకుండా, బంతికి మరో అంగుళం దూరంగా నిలబడి మళ్లీ కొట్టి చూడాలి.