మైక్రోఫైనాన్స్ గొడవ: అసలు మలుపు 2005లోనే

కర్ణాటక ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో మైక్రోఫైనాన్స్, అంటే తాకట్టు లేకుండా పేదలకిచ్చే చిన్న అప్పుల వసూళ్ల మీద ఆర్డినెన్స్ తెచ్చింది. అప్పు తీసుకున్నవాళ్లను వేధిస్తే పదేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. గవర్నర్ మొదట వెనక్కి పంపారు, తర్వాత సంతకం పెట్టారు. అదే ఏడాది తమిళనాడు కూడా ఆ బాటే పట్టింది. ఇటు మన రెండు రాష్ట్రాల్లో చాలా ఏళ్లు కొత్త అప్పులు ఆపేసిన కంపెనీలు మళ్లీ ఊళ్లలోకి వస్తున్నాయి. దాంతో పాత వాదన మళ్లీ పైకి లేచింది. 2010లో ఆంధ్రప్రదేశ్ చేసిన తప్పు మరే రాష్ట్రమూ చేయకూడదని, రాజకీయాల కోసం ఈ వసూళ్ల మీద తెచ్చిన ఒక్క ఆర్డినెన్స్ పేదలకి అప్పు పుట్టకుండా చేసిందని పరిశ్రమ వైపు వాళ్లు అంటున్నారు.

ఆ ఆర్డినెన్స్ దగ్గర కథ మొదలుపెడితే ఈ వాదన సబబుగానే కనిపిస్తుంది. అందుకే ఐదేళ్లు వెనక్కి వెళ్లాలి.

బంగ్లాదేశ్‌లో యూనస్, గ్రామీణ బ్యాంకు, 2006లో నోబెల్ బహుమతి, ఇక్కడ సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత ఊరూరా పుట్టిన పొదుపు సంఘాలు, డ్వాక్రా... ఇవి తెలుగు పాఠకులకి కొత్తగా చెప్పాల్సినవి కావు. చాలామంది ఇళ్లలోనే ఎవరో ఒకరు సంఘంలో సభ్యురాలు. చెప్పాల్సింది మెదక్ జిల్లా నారాయణఖేడ్‌లో మొదలైన ఒక సంస్థ గురించి. విక్రమ్ ఆకుల 1997లో దాన్ని స్వయం కృషి సంగం పేరుతో పెట్టారు. క్లుప్తంగా ఎస్‌కేఎస్. లాభాపేక్ష లేని స్వచ్ఛంద సంస్థ. దాతలిచ్చిన డబ్బుతో 1998 నుంచి పేద మహిళలకి చిన్న చిన్న అప్పులు ఇచ్చింది. అప్పట్లో దాని మీద ఎవరికీ ఫిర్యాదు లేదు.

మలుపు ఇక్కడ. విరాళాల డబ్బుతో నడిచే సంస్థ ఎంత పెరిగినా కొన్ని వేల మందికే చేరుతుందని, లక్షల మందికి చేరాలంటే కంపెనీ కావాలని ఆకుల అన్నారు. కానీ దాతలిచ్చిన డబ్బు పేదల కోసం ఇచ్చింది. దాన్ని తీసుకెళ్లి ఒక ప్రైవేటు కంపెనీలో పెట్టడం కుదరదు. అందుకని 2003లో మ్యూచువల్ బెనిఫిట్ ట్రస్టులని ఐదు ట్రస్టులు పెట్టారు. లబ్ధిదారులు అప్పు తీసుకునే మహిళల సంగాలు. స్వచ్ఛంద సంస్థ డబ్బు ఈ ట్రస్టుల్లోకి వచ్చింది. ట్రస్టులు ఆ డబ్బుతో కొత్త ఫైనాన్స్ కంపెనీలో వాటాలు కొన్నాయి. 2005లో అప్పుల వ్యాపారం ఆ కంపెనీకి మారినప్పుడు, కాగితం మీద దాదాపు మొత్తం వాటా ఈ ట్రస్టులదే. అంటే నారాయణఖేడ్ ఆడవాళ్లే యజమానులు.

వాటా వాళ్లదే కానీ నిర్ణయం వాళ్లది కాదు. వాటాల తరఫున మాట్లాడేది ట్రస్టీలు. ఏ సంగం సభ్యురాలూ కంపెనీ బోర్డుకి ఓటేసి ఎవరినీ పంపలేదు. ఆ తర్వాత ప్రతిసారీ కొత్త పెట్టుబడిదారు వచ్చాడు, కొత్త షేర్లు జారీ అయ్యాయి, ట్రస్టుల వాటా తగ్గుతూ వచ్చింది. 2007లో సెకోయా అనే పెట్టుబడి సంస్థ వచ్చింది. ఐపీఓ (షేర్లు తొలిసారి జనానికి అమ్మడం) నాటికి ట్రస్టుల వాటా ఐదో వంతు కూడా లేదు. ఆర్థిక పరిశోధకుడు ఎం.ఎస్.శ్రీరామ్ 2010లోనే ఈ లెక్కలన్నీ తవ్వి తీశారు. పేదల పేరుతో వచ్చిన డబ్బు కంపెనీకి తొలి మూలధనం ఎలా అయిందో విడమర్చి రాశారు. చట్టం ప్రకారం తప్పు జరిగిందని ఎవరూ నిరూపించలేదు. నా అభ్యంతరం చట్టం గురించి కాదు. సేవ చేయడానికే పుట్టిన వ్యాపారంలో, సేవ అందుకునేవాళ్ల చేతిలో ఉండాల్సిన పగ్గాలు 2005లోనే జారిపోయాయి. ఆ తర్వాత జరిగినదంతా దాని పర్యవసానమే.

కంపెనీ వైపు వాదనలో బలం లేదని అనను. గ్రామీణ బ్యాంకు పేదల దగ్గర డిపాజిట్లు తీసుకుని, ఆ డబ్బే అప్పులిస్తుంది. మన దేశంలో ఈ కంపెనీలకి ఆ వీల్లేదు. బ్యాంకుల దగ్గర అప్పు తెచ్చుకోవాలి, బ్యాంకు అప్పివ్వాలంటే సొంత మూలధనం చూపించాలి, మూలధనం కావాలంటే ఇన్వెస్టర్ దగ్గరికి పోవాలి. ఈ ఇబ్బంది నిజమే. కానీ వేరే దారి లేదన్నది మాత్రం నిజం కాదు. 1956లో మొదలైన ముల్కనూరు సహకార సంఘం రైతుల వాటాలతో, రైతులు ఎన్నుకున్న పాలకవర్గంతో ఇన్నేళ్లుగా అప్పులిస్తూ నిలబడింది. ప్రభుత్వ జోక్యం లేకుండా సంఘాలు నడుపుకోవడానికి 1995లో మన రాష్ట్రమే పరస్పర సహాయక సహకార చట్టం తెచ్చింది. ఆ దారిలో వేగం ఉండదు. ఇన్వెస్టర్‌కి వేగమే కావాలి.

ఆ వేగం ఎంతో చూడండి. 2008 మార్చిలో ఎస్‌కేఎస్ సభ్యులు 16 లక్షల పైచిలుకు. 2010 మార్చికి 67 లక్షలు దాటారు. అప్పులిచ్చి వసూలు చేసే ఉద్యోగిని సంగం మేనేజర్ అనేవాళ్లు. ఎంతమందిని చేర్పించాడు, ఎంత వసూలు చేశాడు అన్నదాన్ని బట్టే అతని ఇన్సెంటివ్. మిగతా కంపెనీలదీ ఇదే పద్ధతి. ఒకే వీధిలో, ఒకే ఇంటికి ముగ్గురు నలుగురు ఇలా తిరిగితే ఏమవుతుందో ఊహించడానికి పరిశోధన అక్కర్లేదు. ఒకరి కిస్తీ కట్టడానికి ఇంకొకరి లోను.

వారం లోను ఎలా నడిచేదో కొంచెం దగ్గరగా చూడాలి. పొద్దున్నే సెంటర్ మీటింగ్. ఐదుగురేసి వరసల్లో కూర్చోవాలి, ప్రతిజ్ఞ చదవాలి, కిస్తీ డబ్బు లీడర్ చేతికివ్వాలి. 10,000 అప్పుకి 12.5 శాతం ఫ్లాట్ వడ్డీ అనుకుందాం. 50 వారాలు, వారానికి 225 రూపాయలు, మొత్తం 11,250. ఊరి లెక్కలో ఇది నూటికి రూపాయి వడ్డీలా వినిపిస్తుంది. కానీ ప్రతి వారం అసలు కరుగుతున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు 10,000 మీదే వేశారు. సరిగ్గా కడితే అది ఏడాదికి పాతిక శాతం, అంటే రెండు రూపాయల వడ్డీ కంటే కాస్త ఎక్కువే. అదే సమయంలో ప్రభుత్వం సంఘాల బ్యాంకు లోన్లకి పావలా వడ్డీ పథకం నడుపుతోంది. ఇక ఐదుగురిలో ఒకామె డబ్బు తేకపోతే మిగతా నలుగురూ వేసుకోవాలి, లేదా ఆమె తెచ్చేదాకా ఎవరూ లేవకూడదు. కూలికి పోవాల్సిన టైము దాటిపోతుంటే ఆ నలుగురి కోపం ఎవరి మీద? సంగం మేనేజర్ గొంతు పెంచాల్సిన పనే లేదు. పక్కింటామె చేతే ఒత్తిడి పెట్టించే ఏర్పాటు ఇది. నారాయణఖేడ్‌లో, సంస్థ చిన్నగా ఉన్నప్పుడు, దీన్ని పరస్పర పూచీ అన్నారు. అక్కడ ఒకరి కష్టం ఒకరికి తెలుసు. వారం వారం టార్గెట్ వచ్చాక అదే పద్ధతి వసూలు యంత్రమైంది.

హెచ్చరిక ఎప్పుడో వచ్చింది. 2006 మార్చిలో కృష్ణా జిల్లా యంత్రాంగం స్పందన, షేర్ తదితర మైక్రోఫైనాన్స్ సంస్థల బ్రాంచీలు 50 దాకా మూయించింది. ఎక్కువ వడ్డీ, ఖాళీ ప్రోనోట్ల మీద సంతకాలు, వసూళ్లలో వేధింపులు, అదే ఫిర్యాదుల చిట్టా. కంపెనీలు నియమావళి పాటిస్తామని హామీ ఇచ్చాయి, వడ్డీలు కొంత తగ్గించాయి, గొడవ చల్లారింది. ఆ హామీ నిలబెట్టుకుని ఉంటే 2010 వచ్చేదే కాదు.

2010 ఫిబ్రవరిలో ఆకుల తన షేర్లలో కొన్ని ఒక విదేశీ ఫండ్‌కి అమ్మారు. దాదాపు 60 కోట్లు వచ్చాయి. జులై చివర ఐపీఓ తెరిచారు. షేరు 985 రూపాయలు, 13 రెట్లకు పైగా దరఖాస్తులు, 1,600 కోట్లకు పైగా సమీకరణ. ఆగస్టు 16న లిస్టయింది. సెప్టెంబరులో న్యూయార్క్ వేదిక మీద యూనస్, ఆకుల ఎదురుబొదురుగా వాదించుకున్నారు. పేదల నుంచి లాభం తీసి షేర్‌హోల్డర్లకి పంచడం తప్పని యూనస్, మార్కెట్ డబ్బు లేకపోతే కోట్ల మంది పేదలకి అప్పు అందదని ఆకుల. అదే నెలలో షేరు 1,400 దాటింది. అవే వారాల్లో మన పత్రికల జిల్లా పేజీల్లో వారం అప్పులు కట్టలేక ప్రాణాలు తీసుకున్న మహిళల వార్తలు వరసగా వచ్చాయి. కంపెనీలు తమకి సంబంధం లేదన్నాయి. 2012 ఫిబ్రవరిలో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ, ఎస్‌కేఎస్ స్వయంగా చేయించిన విచారణలే కొన్ని మరణాలతో సిబ్బందికి సంబంధం ఉందని తేల్చినట్టు రాసింది. ఆ నివేదికలు నమ్మదగినవి కావని కంపెనీ తోసిపుచ్చింది.

రోశయ్య ప్రభుత్వం 2010 అక్టోబరు మధ్యలో ఆర్డినెన్స్ తెచ్చింది. తర్వాత అదే చట్టమైంది. కంపెనీలు జిల్లాలో రిజిస్టర్ చేసుకోవాలి. వసూళ్లు ఇంటి ముందు కాదు, పంచాయతీ ఆఫీసు లాంటి బహిరంగ చోట. వారం కిస్తీ పోయి నెల కిస్తీ. మొత్తం వడ్డీ అసలును మించకూడదు. వసూళ్లు కుప్పకూలాయి. 7,000 కోట్లకు పైగా బకాయిలు ఇరుక్కుపోయాయి. బేసిక్స్ లాంటి, కాస్త నిదానంగా నడిచిన సంస్థలు కూడా దెబ్బతిన్నాయి. అది బాధాకరమే. ఎస్‌కేఎస్ షేరు రెండేళ్లలో వంద దిగువకి పడిపోయింది. 2011 నవంబరులో ఆకుల బయటికి వెళ్లిపోయారు. కంపెనీ పేరు మార్చుకుని 2019లో ఇండస్‌ఇండ్ బ్యాంకులో కలిసిపోయింది.

ప్రభుత్వం తన పొదుపు సంఘాల పథకానికి పోటీ లేకుండా చేసుకోవడానికే ఇదంతా చేసిందని పరిశ్రమ అంటుంది. పేదలు ఎక్కువగా వడ్డీ వ్యాపారుల దగ్గరే అప్పు చేస్తారని, 2009 నాటి ఒక సర్వేలో మైక్రోఫైనాన్స్ అప్పున్న పల్లె కుటుంబాలు సుమారు 11 శాతమేనని కూడా గుర్తు చేస్తుంది. కానీ వడ్డీ వ్యాపారి తాను సేవ చేస్తున్నానని ఎప్పుడూ చెప్పుకోలేదు, దాతల డబ్బుతో మొదలవ్వలేదు, అతనికి ప్రాధాన్య రంగం (బ్యాంకులు తప్పనిసరిగా అప్పివ్వాల్సిన రంగం) పేరుతో బ్యాంకులు నిధులివ్వలేదు.

రిజర్వ్ బ్యాంకు ఈ రంగాన్ని పరిశీలించడానికి మాలెగాం కమిటీ వేసింది. 2011 జనవరిలో వచ్చిన ఆ నివేదిక వడ్డీకి 24 శాతం పరిమితి సూచించింది. ఆ ఏడాదే కొత్త నిబంధనలు వచ్చాయి. 2022 ఏప్రిల్ నుంచి రిజర్వ్ బ్యాంకు వడ్డీ పరిమితి ఎత్తేసింది. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబానికి ఉన్న అప్పులన్నిటి కిస్తీలూ కలిపి నెల ఆదాయంలో సగం మించకూడదంది. వడ్డీ ఎంతన్నది కంపెనీ బోర్డుకే వదిలేసింది. రెండున్నరేళ్లు తిరిగేసరికి, 2024 అక్టోబరులో, మితిమీరిన వడ్డీల కారణంగా ఆశీర్వాద్, ఆరోహణ్ సహా నాలుగు కంపెనీలను కొత్త అప్పులివ్వొద్దని అదే రిజర్వ్ బ్యాంకు ఆపాల్సొచ్చింది. కొన్ని నెలలకి ఆంక్షలు ఎత్తేసింది.

2010 నాటి మన చట్టం మాటకొస్తే, 2013లో ఉమ్మడి హైకోర్టు దాన్ని సమర్థించింది. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వ్ బ్యాంకు దగ్గర నమోదైన ఫైనాన్స్ కంపెనీలకి ఆ చట్టం వర్తించదని తీర్పిచ్చింది. ఆ తీర్పు ప్రకారం జిల్లా రిజిస్ట్రేషన్, పంచాయతీ ఆఫీసులో వసూలు, నెల కిస్తీ నిబంధనలు ఈ కంపెనీల మీద పనిచేయవు. వేధింపులుంటే మహిళలు ముందు కంపెనీకే ఫిర్యాదు చేయాలి, 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి (ఫిర్యాదులు విచారించే అధికారికి) రాసుకోవాలి. కర్ణాటక ఆర్డినెన్స్ గట్టిగా పట్టుకున్నది వసూలు చేసేవాడి ప్రవర్తనని. ఆ కంపెనీ ఎవరిది, దాని బోర్డులో అప్పు తీసుకునేవాళ్ల తరఫున ఎవరున్నారు అనే ప్రశ్నని ఆ ఆర్డినెన్స్ గానీ, రిజర్వ్ బ్యాంకు 2022 నిబంధనలు గానీ ముట్టుకోలేదు.