టేబుల్ టెన్నిస్ (టీటీ) బ్యాట్ కొనేముందు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఎక్కువ స్టార్లున్న రెడీమేడ్ బ్యాటే మంచిది.

ఆ స్టార్లు వేసేది తయారుచేసిన కంపెనీయే. ఒకరి 4 స్టార్లకూ మరొకరి 4 స్టార్లకూ పొంతన ఉండదు. అంతర్జాతీయ టేబుల్ టెన్నిస్ సమాఖ్య (ఐటీటీఎఫ్) బ్యాట్లకు స్టార్లు ఇవ్వదు. అట్టపెట్టె మీది స్పీడ్, స్పిన్ అంకెల సంగతీ ఇంతే. హ్యాండిల్ దగ్గర రబ్బరు మీద ఐటీటీఎఫ్ గుర్తు ఉందో లేదో చూడండి. అది లేని బ్యాట్ ఇంట్లో ఆడుకోవడానికి పనికొస్తుందిగానీ, ఐటీటీఎఫ్ నిబంధనలు పాటించే టోర్నమెంటులో చెల్లదు.

అపోహ: కార్బన్ బ్లేడ్ పట్టుకుంటే ఆట పెరుగుతుంది.

బ్లేడ్ అంటే రబ్బర్లు అంటించే చెక్క భాగం. పిల్లల ఆటను ఎక్కువగా పాడుచేసే నమ్మకం ఇదే. ఏ బ్లేడ్‌లోనైనా మందంలో కనీసం 85 శాతం సహజమైన చెక్క ఉండాలన్నది నియమం. కార్బన్ లాంటి ఒక్కో పీచు పొర 0.35 మి.మీ. మించకూడదు. అంత పల్చటి పొరే బ్లేడ్‌ను బిగుతుగా మార్చి, బంతిని త్వరగా వదిలేలా చేస్తుంది. మధ్యలో తగలకపోయినా బంతి వేగంగానే పోతుంది. స్ట్రోక్ కుదిరిన ఆటగాడికి ఇది వరం. నేర్చుకునేవాడికైతే పుష్ (మెల్లగా నెట్టే దెబ్బ), బ్లాక్ (వచ్చిన బంతికి బ్యాట్ అడ్డుపెట్టడం) బల్ల దాటిపోతాయి. దాటకుండా ఉండాలని వాడు చెయ్యి పూర్తిగా తిప్పడం మానేసి, బంతిని ఆపడం అలవాటు చేసుకుంటాడు. ఒకసారి కుదించుకున్న స్వింగ్‌ను సరిచేయడం కోచ్‌కు నెలల పని.

మొదటి బ్యాట్‌కు 5 పొరల పూర్తి చెక్క ఆల్‌రౌండ్ బ్లేడ్ చాలు. ఉదాహరణకు యసాకా కంపెనీ స్వీడన్ ఎక్స్‌ట్రా బ్లేడ్‌కు రెండువైపులా 1.8 మి.మీ. స్పాంజ్ (రబ్బరు పై పొర కింది మెత్తటి పొర) ఉన్న మార్క్ వి రబ్బరు వేయించండి. 1969 నుంచి ఉన్న రబ్బరు అది, ఇప్పటికీ నేర్చుకునేవారికి చక్కగా పనికొస్తుంది. టాప్‌స్పిన్ (బంతి ముందుకు తిరిగేలా కొట్టే దెబ్బ) నిలకడగా పడటం మొదలయ్యాక కార్బన్ గురించి ఆలోచించవచ్చు. అప్పుడు కూడా పీచు పొర నడిమి చెక్కను ఆనుకుని ఉన్న రకం మేలు. మెల్లగా ఆడినప్పుడు అది చెక్క బ్లేడ్‌లాగే ఉంటుంది, గట్టిగా కొట్టినప్పుడే వేగం బయటపడుతుంది.

అపోహ: స్పాంజ్ ఎంత మందమైతే అంత స్పిన్.

స్పిన్ పుట్టేది స్వింగ్ వేగం నుంచి, రబ్బరు పై పొర పట్టు నుంచి. స్పాంజ్ పని బంతిని ఒక్క క్షణం లోపల పట్టుకుని తిరిగి నెట్టడం. చెయ్యి వేగంగా కదలకపోతే 2.1 మి.మీ. స్పాంజ్ అంతా నొక్కుకోదు, ఎదుటివాడి వేగమే తిరిగి బయటికి తన్నుతుంది. నేర్చుకునేటప్పుడు 1.8 నుంచి 2.0 సరిపోతుంది. పై పొర, స్పాంజ్, జిగురు కలిపి 4.0 మి.మీ. దాటకూడదు.

అపోహ: 40 డిగ్రీల గట్టిదనం ఉన్న స్పాంజ్ అంటే ఏ కంపెనీదైనా ఒకటే.

కాదు. జర్మనీలో తయారయ్యే రబ్బర్లలో 40 అంటే మెత్తన. చైనా కంపెనీ డీహెచ్ఎస్ చేసే హరికేన్ 3 రబ్బరులో 40 అంటే, జర్మన్ లెక్కలో దాదాపు 50 చుట్టుపక్కల ఉండే గట్టి స్పాంజ్. జపాన్ కంపెనీ బటర్‌ఫ్లై లెక్క మరోటి: తన టెనర్జీ 05 రబ్బరు గట్టిదనాన్ని 36 అంటుంది, జర్మన్ కొలతలో అది 45 పైమాటే. అంకె చూసి హరికేన్ కొన్న కుర్రాడి బంతి నెట్‌లో పడుతోందంటే కారణం ఇదే. గట్టి స్పాంజ్, జిగట పై పొర ఉన్న రబ్బరుకు నడుము నుంచి వచ్చే పూర్తి స్వింగ్ కావాలి.

అపోహ: పది గ్రాములు అటూ ఇటూ అయితే ఏమవుతుంది?

మణికట్టుకు తెలుస్తుంది. బ్లేడ్ 85 గ్రాములు, కత్తిరించాక ఒక్కో రబ్బరు 47 అనుకుంటే 179. జిగురుతో ఇంకాస్త. పెద్దవాళ్లకు 175–185 బాగుంటుంది, పదేళ్ల పిల్లలకు 160 దాటకుండా చూడాలి. ఒకే మోడల్‌లోనూ బ్లేడ్ల బరువు తేడాగా వస్తుంది, అందుకే కొట్లో తూకం వేయించండి. బరువు ముందుకు లాగే బ్యాట్‌తో బ్యాక్‌హ్యాండ్ ఆలస్యమవుతుంది.

అపోహ: పొడవు పింపుల్స్ (బొడిపెలు) ఉన్న రబ్బరు మోసం.

ఐటీటీఎఫ్ అనుమతించిన రబ్బరు మోసం ఎలా అవుతుంది? మన దేశ క్రీడాకారిణి మనికా బాత్రా బ్యాక్‌హ్యాండ్‌లో వాడేది అదే. దాని పట్టు తక్కువ. సొంతంగా స్పిన్ పెద్దగా పుట్టించదు, మీరు పంపిన స్పిన్‌నే ఎక్కువగా తిరిగి పంపుతుంది. మీ గట్టి టాప్‌స్పిన్ ఆవైపు నుంచి చాప్‌గా (వెనక్కి తిరిగే బంతిగా) వస్తుంది, మీ చాప్ కాస్త టాప్‌స్పిన్‌గా వస్తుంది. మ్యాచ్‌కు ముందు ఎదుటివారి బ్యాట్ చూసే హక్కు మీకుంది, ఏ రంగువైపు పింపుల్స్ ఉన్నాయో గుర్తుపెట్టుకోండి. కొత్తగా నేర్చుకునే పిల్లలకు మాత్రం రెండువైపులా నున్నటి రబ్బరే ఉండాలి.

అపోహ: ఒకవైపు ఎరుపు, రెండోవైపు నలుపు తప్ప వేరే రంగులు చెల్లవు.

2021 అక్టోబరు నుంచి గులాబీ, ఊదా, ఆకుపచ్చ, నీలం కూడా చెల్లుతున్నాయి. ఒకవైపు నలుపు మాత్రం తప్పనిసరి.

అపోహ: చిరిగేదాకా రబ్బరు మార్చక్కర్లేదు.

పట్టు చాలా ముందే పోతుంది. మెరుపు తగ్గి, మీ సర్వీసులో పాత స్పిన్ కనిపించకపోతే మార్చే సమయం వచ్చినట్టే. వారానికి నాలుగైదు రోజులు ఆడేవారికి ఆరు నెలలు నడిస్తే గొప్ప. ఆట అయ్యాక తడి స్పాంజ్‌తో దుమ్ము తుడిచి, ఆరనిచ్చి, ప్లాస్టిక్ ఫిల్మ్ అంటించండి. సబ్బు, శానిటైజర్ వద్దు. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల ఉక్కకు రబ్బరు మీద తేమ చేరి బంతి జారుతుంది, అక్కడ గేముల మధ్య పొడిగుడ్డతో తుడుచుకోవాలి. మే నెలలో బ్యాట్‌ను కారులో వదిలేస్తే కవర్లో ఉన్నా కాపాడలేం: వేడికి జిగురు వదులై అంచులు లేస్తాయి, పై పొర గట్టిపడుతుంది.